దులపని హెల్మెట్

గుడివాడలో సాయంత్రం ఆరు దాటాక ఏ వీధిలో నిలబడినా టప్ టప్‌మని చప్పుడు వినిపిస్తుంది. ఆఫీసుల నుంచి, షాపుల నుంచి, చేల నుంచి బళ్ళ మీద ఇళ్ళకొచ్చినవాళ్ళు గేటు దగ్గర ఆగి, హెల్మెట్ తీసి, తిరగేసి, గేటు స్తంభానికేసి మూడుసార్లు తట్టి, శుభ్రంగా దులిపి, అప్పుడు లోపలికి వెళ్తారు. చెప్పులు విప్పడం కన్నా ముందు పని అది. హెల్మెట్లో మాట్లాడిన మాట హెల్మెట్లోనే ఉండిపోతుంది కాబట్టి, దులపకుండా కొక్కేనికి తగిలిస్తే మర్నాడు పెట్టుకున్నవాడి చెవిలో పడుతుంది. బండి మీద ఒంటరిగా వెళ్ళే మనిషి ఏం మాట్లాడుకుంటాడో అందరికీ తెలిసిందే. మేనేజర్ని తిడతాడు, శృతి లేకుండా పాడతాడు, పొద్దున పెళ్ళాం దగ్గర ఓడిపోయిన దెబ్బలాట ఇప్పుడు గెలుస్తాడు. ఇవన్నీ ఇంట్లోకి తెచ్చుకోవలసిన సరుకులు కావు.

ఎండాకాలం ఫర్వాలేదు, పిట్టగోడ మీద వెల్లకిలా పెడితే గంటలో మాట ఆరిపోతుంది. వానల్లోనూ మంచు రోజుల్లోనూ మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ఉప్పుగాలి వల్లనని బందరు వాళ్ళు, కాలవల తేమ వల్లనని గుడివాడ వాళ్ళు అంటారు. పెళ్ళిసంబంధాలకు వచ్చినవాళ్ళు "అబ్బాయి హెల్మెట్ ఒక్క పూట ఇప్పిస్తారా అండీ" అని అడగడం ఈ ప్రాంతంలో తప్పు కాదు. బాగా దులిపి ఇచ్చారంటే ఆ సంబంధం వదులుకోవడమే మంచిదని పెద్దవాళ్ళ మాట.

ఇంకో సంగతి ఉంది. గంపలో ఆఖరున వేసిన వంకాయే ముందు చేతికొచ్చినట్టు, హెల్మెట్లో ఆఖరున అన్న మాటే ముందు వినిపిస్తుంది. దానికి గాలి తగలాలి. బండి కదిలి నాలుగు బారలు వెళ్తే చాలు, ఒక్కొక్క మాటా ఊడి వస్తుంది. విన్నంత మాత్రాన పోదు, దులిపేదాకా అందులోనే ఉంటుంది.

శ్యామ్ సుందర్‌కి ఆరేళ్ళుగా దులుపుకోవడానికి పెద్దగా ఏమీ ఉండడం లేదు. ఇరిగేషన్ ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు, ముప్పై ఆరేళ్ళ మనిషి. ఆఫీసుకి నలభై స్పీడు దాటకుండా, నోరు మూసుకుని వెళ్తాడు, అలాగే వస్తాడు. ఇంట్లోనూ అంతే. టిఫినుకి ఇడ్లీ చెయ్యనా ఉప్మా చెయ్యనా అని భార్య సుచిత్ర అడిగితే "నీ ఇష్టం" అంటాడు. గోడలకి ఏ రంగు, పాపని ఏ స్కూలు, వేలికి తేలు కుడితే ఏ డాక్టరు, అన్నీ నీ ఇష్టమే. "ఈయన్ని చేసుకున్నందుకు ఈయన ఇష్టాలు కూడా నేనే పడాల్సొస్తోంది" అని సుచిత్ర చర్చిలో తోటివాళ్ళతో నవ్వుతూ అనేది. కానీ ఏ మాటా చెప్పని మనిషితో కాపురం చెయ్యడం నవ్వులాట కాదు. ఆమెకి కారణం తెలుసు కాబట్టి ఊరుకునేది.

కారణం వాసు. శ్యామ్, వాసు, హనోకు ముగ్గురూ గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ చదివారు. చదువు ముగ్గురికీ అక్కరకు రాలేదు గానీ స్నేహం వచ్చింది. వాసు గుడివాడలో టైల్స్ షాపు పెట్టాడు. హనోకు ఊళ్ళు తిరిగి మోటార్లు బాగుచేస్తాడు. ఆరేళ్ళ కింద ఒక డిసెంబరులో ముగ్గురూ మూడు బళ్ళ మీద రామేశ్వరం బయల్దేరారు. గుడివాడ నుంచి బందరు, అక్కడి నుంచి పులిగడ్డ వంతెన దాటి, సముద్రం పక్కపక్కనే కిందదాకా వెళ్ళాలని. అందరికన్నా ముందు శ్యామ్. వాళ్ళకి సైగలుండేవి. ముందున్నవాడు చెయ్యి కిందుగా చాపి ముందుకి ఊపితే దారి ఖాళీ, వచ్చెయ్యమని. అరచెయ్యి నిలబెట్టి చూపిస్తే ఆగమని.

చల్లపల్లి ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ఒక మలుపు. ఊక లారీ ఒకటి నిదానంగా పోతోంది. శ్యామ్ దాన్ని దాటి ముందుకెళ్ళాడు. వెనక వాసు ఉన్నాడు, అతని వెనక హనోకు. శ్యామ్ చెయ్యెత్తాడు, వాసు లారీని దాటబోయాడు. ఎదురుగా వడ్ల ట్రాక్టరు వచ్చింది.

వాసుకి ఐదు రోజులు తెలివి రాలేదు. ఎడమ కాల్లో రాడ్డు వేశారు. క్లిప్పు పెట్టుకోకపోవడంతో హెల్మెట్ ఎగిరిపోయి తలకి దెబ్బ తగిలింది. తెలివొచ్చాక అడిగితే, ఆ రోజు పొద్దున ఇడ్లీ తిన్నదాకా గుర్తుందన్నాడు, ఆ తర్వాత గుర్తున్నది ఆస్పత్రి ఫ్యానే. శ్యామ్‌కి గుర్తున్నది ఒక్కటే, తను చెయ్యెత్తడం. ఎలా ఎత్తాడన్నది ఆ చప్పుడుతోపాటే చెదిరిపోయింది. మొదటి రోజు "నేను రమ్మన్నానేమో" అన్నాడు. వారానికి "నేనే రమ్మన్నాను" అన్నాడు. పోలీసులకీ, వాసు వాళ్ళమ్మకీ, చర్చిలో పాస్టరుగారికీ అదే చెప్పాడు. వాసు పెద్దమనసుతో "పోనీలేరా, కావాలని చేశావా" అన్నాడు. అప్పటి నుంచి శ్యామ్ ప్రతి ఆదివారం ఆరాధన కాగానే వాసు ఇంటికెళ్ళి, కాలికి నూనె రాసి, వీధి చివరిదాకా నడిపించి తీసుకొచ్చేవాడు. ఒక్క ఆదివారం మానలేదు.

ఇప్పుడు మళ్ళీ డిసెంబరొచ్చింది. హనోకుకి ఊపొచ్చింది.

"బావా, వెనక సీట్లో కూర్చో, చాలు. రామేశ్వరం నేను చూపిస్తా" అని వాసుని ఒప్పించాడు. శ్యామ్‌ని ఒప్పించడానికి నెల పట్టింది.

"వంతెన దాకా వస్తాను. అక్కణ్ణించి వెనక్కొచ్చేస్తా" అన్నాడు శ్యామ్. ఆ తర్వాత నిదానంగా ఇంకో మాట చెప్పాడు. "బండి బేరం పెట్టానురా. సోమవారం పామర్రు నుంచి శోభనాద్రి గారొచ్చి తీసుకెళ్తారు. ఇదే ఆఖరు."

హనోకు ఏదో అనబోయి, అంటే వంతెన దాకా కూడా రాడని ఊరుకున్నాడు. ఆ బండి మీద శ్యామ్ పెళ్ళికాకముందు నాలుగు రాష్ట్రాలు తిరిగాడు. దాన్నిచ్చేస్తే ఇక ఆ పాత శ్యామ్ కూడా పోయినట్టేనని హనోకు భయం. సుచిత్ర భయమూ అదే గానీ, ఆమెని అడిగినవాళ్ళు లేరు.

పొద్దున ఏడింటికి వాసు ఇంటి ముందు రెండు బళ్ళూ ఆగాయి. మంచు దట్టంగా ఉంది. వాసు కొత్త బూట్లు వేసుకుని గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"హెల్మెట్ ఏదిరా?" అన్నాడు హనోకుతో.

హనోకు నాలిక్కరుచుకున్నాడు. రెండో హెల్మెట్ తెస్తానని వారం నుంచి చెప్పినవాడు, దాన్ని మంచం మీద పెట్టి మరీ మర్చిపోయి వచ్చాడు. ఆ వేళప్పుడు తెరిచే షాపు లేదు. వాసు తల్లి రాజ్యలక్ష్మి ఒక నిమిషం ఆలోచించి, లోపలికెళ్ళి, స్టూలు జరిపి అటక మీద వెతికి, మూతి బిగించి కట్టిన తెల్ల ప్లాస్టిక్ సంచీ పట్టుకొచ్చింది.

"ఇంట్లో ఉన్నది ఇదొక్కటే" అంది. "నీదేరా, ఆ రోజుది. జకరయ్య అని, ఆ పొలం రైతు తెచ్చిచ్చాడు. కోసిన వరి పనల మీద వెల్లకిలా పడి ఉందంట. 'దులపలేదమ్మా, అబ్బాయి మాటలుంటాయని మూతి కట్టి తెచ్చాను' అన్నాడు. అప్పటికి నీకింకా తెలివి రాలేదు. నీ నోటి మాట మళ్ళీ నేరుగా వింటే వింటాను గానీ, సంచీలోంచి మాత్రం విననని అటకెక్కించేశాను. వినాలనుంటే విను, లేదంటే ఇక్కడే దులుపు."

అన్నేళ్ళు గాలి తగలక, ఎండ తగలక, హెల్మెట్ జాడీలో ఊరగాయలా ఉంది. వాసు ముడి విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్న గీత కూడా లేదు.

"చూద్దాం, ఆ రోజు నేనేం వాగానో" అని నవ్వి తలకి పెట్టుకున్నాడు.

దులిపెయ్యరా అనబోయాడు శ్యామ్. కానీ ఎవరికీ ఏదీ చెప్పని అలవాటు ఆరేళ్ళది, అంత పొద్దున్నే ఎలా పోతుంది? రాజ్యలక్ష్మి వంగి కొడుకు గడ్డం కింద క్లిప్పు తనే పెట్టింది. హనోకు బుల్లెట్ ముందు కదిలింది. వెనకాల శ్యామ్ కదిలాడు.

వీధి చివర మలుపు కూడా దాటలేదు, వాసు వీపు ఉలిక్కిపడడం శ్యామ్ చూశాడు. వాసు చెయ్యి హనోకు భుజాన్ని గట్టిగా పట్టుకుంది. హనోకు తల తిప్పి ఏంట్రా అన్నాడు. వాసు పోనిమ్మని చేత్తోనే చెప్పాడు. ఆ తర్వాత వాసు కొయ్యలా కూర్చున్నాడు, దారి పొడుగునా అటూ ఇటూ చూడనే లేదు.

విన్నాడు, అనుకున్నాడు శ్యామ్. శ్యామ్‌గాడు రమ్మంటున్నాడు అని తన గొంతులో తనే విన్నాడు. విని తెలుసుకోవడం వేరు, ఎవరో చెబితే క్షమించడం వేరు. ఈ రోజుతో ఆ క్షమించడం కూడా పోయింది.

గుడ్లవల్లేరులో టీకి ఆగారు. మంచులో అమ్మాయిలూ అబ్బాయిలూ గుంపులుగా కాలేజీ వైపు వెళ్తున్నారు. హనోకు వాళ్ళని చూసి, తను ఎన్ని సబ్జెక్టులు తప్పాడో, ఏ సారు ఎలా ముక్కుతో మాట్లాడేవాడో వరసగా చెప్పుకుపోయాడు. మామూలుగా అయితే వాసు మధ్యలో అందుకుని ఆ సారులా మాట్లాడి చూపించేవాడు. ఇప్పుడు ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని, దాని నోట్లో చెయ్యి పెట్టి మూసినట్టు పట్టుకుని కూర్చున్నాడు. టీ గ్లాసు చల్లారి పైన మీగడ కట్టింది. శ్యామ్ వైపు ఒక్కసారీ చూడలేదు.

"ఏంటి బావా, కాలు నొప్పా?" అన్నాడు హనోకు.

"కాదు."

"మరి?"

"ఏం లేదురా. టీ బాలేదు."

ఆ టీ ఎప్పుడూ బాగుండదు, అందుకే వాళ్ళు అక్కడ తాగుతారు. శ్యామ్ లేచి వెళ్ళి తన బండి పక్కన నిలబడ్డాడు.

పెడన దాటి బందరు బైపాసుకి వచ్చేసరికి మంచు విడిపోయింది. సముద్రం వైపు నుంచి గాలి తోస్తోంది. అక్కడ పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. తాగి నడుపుతున్నవాడు ఊదమంటే మెల్లగా ఊదుతాడు గానీ, హెల్మెట్లో అబద్ధమాడడు. అందుకని కానిస్టేబులు ఒక్కొక్కరి హెల్మెట్ తీసుకుని, గాలికి ఎదురుగా పట్టి, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు.

హనోకుది విని నవ్వాడు. "పాట మధ్యలో చరణం మర్చిపోయి అట్లా కూనిరాగాలు తీస్తే ఎట్లాగండీ" అని తిరిగిచ్చేశాడు. శ్యామ్‌ది తీసుకుని చాలాసేపు విన్నాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ప్రభువా వద్దు, ప్రభువా వద్దు. దారి పొడుగునా ఇదేనా అండీ?" అన్నాడు మెల్లగా. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"లేదండీ."

"నిదానంగా వెళ్ళండి" అని హెల్మెట్‌ని రెండు చేతులతో ఇచ్చి, వాసు వైపు తిరిగాడు. "మీది?"

వాసు హెల్మెట్‌ని పొట్టకి అదుముకున్నాడు. "వెనక కూర్చున్నానండీ. నేను నడపను. కాలు చూశారుగా." శ్యామ్‌కి చెమటలు పట్టాయి. ఇంకో క్షణంలో నడిరోడ్డు మీద, పరాయి మనిషి నోటి నుంచి ఆ మాట బయటికి వస్తుంది. కానిస్టేబులు వాసు కాలు చూశాడు, ముఖం చూశాడు, సరే వెళ్ళండన్నాడు.

బందరులో టిఫిను. హనోకు పూరీ మీద పూరీ తిన్నాడు, మిగతా ఇద్దరూ ప్లేటులో వేళ్ళు పెట్టి కూర్చున్నారు. వాసు లేచి, హెల్మెట్ పట్టుకుని, కుంటుకుంటూ హోటలు వెనక బాత్రూములోకి వెళ్ళాడు.

"అది కూడా ఎందుకురా బాబూ, ఇక్కడ పెట్టిపో, ఎవడూ ఎత్తుకుపోడు!" అని అరిచాడు హనోకు. హోటల్లో నలుగురు నవ్వారు.

శ్యామ్ ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. దులుపుతాడు. దేవుడా, దులిపెయ్యనీ. లోపలి నుంచి టప్ టప్‌మని చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించాడు. ఐదు నిమిషాలైంది. తలుపు తీసుకుని వాసు వచ్చాడు. ఏ చప్పుడూ రాలేదు. హెల్మెట్‌ని నీళ్ళ చెంబు పట్టుకున్నట్టు, నోరు పైకి పెట్టి, జాగ్రత్తగా తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బందరు నుంచి చల్లపల్లి దారి ఎప్పటిలాగే ఉంది. రెండు వైపులా కోసిన వరి పనలు ఆరుతున్నాయి. ఒకచోట రోడ్డు సగం ఆక్రమించి వడ్లు ఎండబోసి, చుట్టూ రాళ్ళు పెట్టారు. లారీలు, ట్రాక్టర్లు, వాటి మధ్యలోంచి స్కూలు ఆటోలు. శ్యామ్ వెనకబడుతూ వచ్చాడు. ముప్పైకి, ఇరవైకి దిగాడు. దూరంగా ఆ మలుపూ, మలుపు మీద ఒరిగిన తుమ్మచెట్లూ కనిపించగానే బండి పక్కకి తీసి ఆపేశాడు.

ముందుకెళ్ళిన హనోకు అద్దంలో చూసుకుని వెనక్కి తిరిగొచ్చాడు. "పెట్రోలైపోయిందా?"

"లేదురా. నేనిక్కణ్ణించి వెళ్ళిపోతాను. వంతెన దాకా అన్నాను గానీ నా వల్ల కాదు." శ్యామ్ వాసు కళ్ళలోకి చూడకుండా వాసుతోనే మాట్లాడాడు. "నువ్వు విన్నావు. పొద్దుటి నుంచి నా మొహం చూడలేకపోతున్నావు. నాకు తెలుసురా. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తిట్టలేదు నువ్వు. ఇప్పుడు తిట్టు. తిట్టించుకుని వెళ్ళిపోతాను."

వాసు రాడ్డున్న కాలు ముందు ఆనించి, హనోకు నడుం పట్టుకుని కిందికి దిగాడు. క్లిప్పు తీసి, హెల్మెట్ తీసి, శ్యామ్ ముందుకి చాపాడు.

"నీది తీసి ఇది పెట్టుకో. ఆ మలుపు దాటి వెనక్కి రా."

"వద్దురా."

"నేను చెప్తున్నా కదరా. వెళ్ళు."

శ్యామ్ పెట్టుకున్నాడు. లోపల ప్లాస్టిక్ వాసన, ఎండుగడ్డి వాసన. బండి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. పది గజాలు వెళ్ళాడో లేదో, చెవి పక్కనే వాసు అరిచాడు. ఆరేళ్ళ కిందటి వాసు, ముప్పై ఏళ్ళవాడు.

"అమ్మా!"

శ్యామ్ కళ్ళు మూసుకోబోయి, రోడ్డు గుర్తొచ్చి తెరిచాడు. గాలికి తర్వాతి మాట ఊడింది.

"దూరిపోతున్నా. ఏమైతే అయింది."

మలుపు వచ్చేసింది.

"వీడి మాట వింటే రామేశ్వరం పై ఏడాదికి చేరతాం."

తుమ్మచెట్లు పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఇక ఆ మాటే రావాలి. శ్యామ్ పళ్ళు బిగించాడు.

"అరచెయ్యి చూపిస్తున్నాడు. ఆగమంటాడు, ఇంకేమంటాడు పిరికి సన్నాసి!"

ఆ తర్వాత, "అడుగో, శ్యామ్‌గాడు చెయ్యెత్తాడు" అని వినిపించింది. ఆ తర్వాత ఊక కళ్ళలో పడుతోందన్న విసుగు. ఆ తర్వాత ఏదో పాట. శ్యామ్ ఇంకేమీ వినలేదు. బండి ఆపి, తూము గోడ మీద కూలబడ్డాడు. ఎదురుగా ట్రాక్టరు కనబడడం, చెయ్యి చాపి అరచెయ్యి నిలబెట్టడం, ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ గుర్తొచ్చాయి. ఆగమన్నాడు. తను ఆగమనే అన్నాడు. ఆ మాట పైకే అని చూసుకున్నాడు. ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా, ముక్కు కారేదాకా ఏడ్చాడు. పక్క చేలో పనలు తిప్పుతున్న ఆడమనిషి చూసి, నీళ్ళ సీసా తెచ్చి గోడ మీద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి వాసు రోడ్డు పక్కన అదే చోట నిలబడి ఉన్నాడు, కాలు నొప్పి పెడుతున్నా కూర్చోకుండా.

"ఆరేళ్ళురా!" అన్నాడు శ్యామ్. కోపంగా అనాలనుకున్నాడు గానీ, కోపం సగంలోనే అయిపోయింది.

"నాకు గుర్తులేదురా. అమ్మ తోడు. మా వీధి దాటకముందే విన్నాను, అప్పుడే తెలిసింది." వాసు నేల చూస్తూ చెప్పాడు. "గుడ్లవల్లేరులోనే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఇన్నాళ్ళూ నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటే, కాలు పోయినా నాకో గొప్ప ఉండేది. తప్పు నాది కాదు, పైగా క్షమించినవాణ్ణి అని. అది పోతుందని భయమేసింది. బందరులో దులిపేద్దామని బాత్రూములోకి కూడా తీసుకెళ్ళాను. రెండుసార్లు తిరగేశాను. తట్టలేకపోయానురా."

హనోకు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. అతనికి సంగతి అప్పటికి తలకెక్కింది.

"అంటే వీడు ఆగమన్నాడు, నువ్వాగలేదు. అది నీకు గుర్తులేదు, వీడికీ గుర్తులేదు. దానికి ఆరేళ్ళ నూనె, ఆరేళ్ళ మర్దనా! నన్నడిగితే అప్పుడే చెప్పేవాణ్ణి కదరా."

"నీకేం కనిపించింది? లారీ వెనకున్నావు నువ్వు" అన్నాడు శ్యామ్.

"కనిపించకపోతే మాత్రం? వీడెప్పుడు ఎవడి మాట విన్నాడు గనక!"

ముందు శ్యామ్‌కి నవ్వొచ్చింది. తర్వాత వాసుకి. రోడ్డు పక్కన ముగ్గురు మగవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతుంటే, స్కూలు ఆటోలో పిల్లలు వాళ్ళకి చేతులూపి వెళ్ళారు.

నవ్వు తగ్గాక వాసు కాలు తడుముకుంటూ అన్నాడు. "ఇన్నాళ్ళూ నాకేదో జరిగింది అనుకున్నాను. జరగలేదు, నేను చేశాను. ఒళ్ళు కొవ్వెక్కి చేశాను. అదేంటోరా, అలా అనుకుంటే ఈ కాలు అంత పరాయిదానిలా లేదు."

శ్యామ్ హెల్మెట్ తీసి అతనికిచ్చాడు. "దులుపు."

"నువ్వు దులుపు."

"నీ మాటలు నువ్వే దులుపుకోరా" అన్నాడు శ్యామ్. తనెవరికో ఫలానా పని చెయ్యమని చెప్పాడన్న సంగతి అతను గమనించలేదు. హనోకు గమనించి, గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

వాసు హెల్మెట్‌ని కిలోమీటరు రాయికేసి మూడుసార్లు తట్టి, చేను వైపు దులిపాడు. అప్పుడు ఫోన్ తీసి తల్లికి చేశాడు.

"విన్నావా?" అంది రాజ్యలక్ష్మి, పలకరింపు లేకుండా. పొద్దుటి నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉన్నట్టుంది.

"విన్నానమ్మా. తప్పు నాదే. శ్యామ్ ఆగమన్నాడు, నేనే ఆగలేదు."

అవతల స్టూలు జరుపుకుని కూర్చున్న చప్పుడైంది.

"ఆఖరున నిన్నే పిలిచానమ్మా."

అది విని ఆమె అంది, "శ్యామ్‌కి ఫోనియ్యి." ఇచ్చాడు. "నాయనా," అంది, "నువ్వు చెప్పావని నేను నమ్మాను. నిన్ను ఎదురుగా ఏమీ అనలేదు గానీ, లోపల చాలా అనుకున్నాను. అవి కూడా దులిపేసుకుంటాలే. జాగ్రత్తగా వెళ్ళిరండి."

"అలాగే అత్తయ్యా" అన్నాడు శ్యామ్.

మోపిదేవి దాటి, అవనిగడ్డలో భోజనం చేశారు. ముగ్గురూ మారు వడ్డించుకుని తిన్నారు. పులిగడ్డ దగ్గరికి వచ్చేసరికి రెండయింది. ఎదురుగా వంతెన. కింద కృష్ణ వెడల్పుగా, ఇసక తిన్నెల మధ్య తీరుబడిగా పోతోంది. ఇక్కడి నుంచే వెనక్కి అని శ్యామ్ నెల రోజుల నుంచి చెబుతున్నాడు కాబట్టి హనోకు బుల్లెట్ వేగం తగ్గించాడు, వీడ్కోలు చెప్పుకోవడానికి.

శ్యామ్ తగ్గించలేదు. బుల్లెట్ పక్కనుంచి వెళ్ళి, దాటి, వంతెనెక్కాడు. అరవై, డెబ్భై. బండి ఆరేళ్ళుగా మర్చిపోయిన చప్పుడు చేసింది.

అవతల పెనుమూడి ఒడ్డున టీ బడ్డీ దగ్గర ఆగి వాళ్ళ కోసం చూశాడు. హనోకు వస్తూనే బండి దిగి, శ్యామ్ చేతిలోని హెల్మెట్ లాక్కున్నాడు. శ్యామ్ దులుపుకోవడానికి తొందరపడలేదు, ఇచ్చేశాడు. హనోకు అది పెట్టుకుని నది గాలికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు వాసు ఆత్రంగా.

"ఏమీ లేదు" అన్నాడు హనోకు. కళ్ళు తుడుచుకోవాలంటే హెల్మెట్ అడ్డమొచ్చింది. "వంతెన పొడుగునా హోయ్ హోయ్ అని అరుపులే. పెళ్ళికాకముందు అరిచేవాడే, అట్లా."

ఫోన్ మోగింది. సుచిత్ర.

"ఎక్కడి దాకా వచ్చారండీ? వెనక్కి తిరిగారా? శోభనాద్రి గారు సోమవారం పొద్దున వస్తారంట, ఏం చెప్పమంటారు?"

"రావద్దని చెప్పు. బండి ఇవ్వట్లేదు. నేను వంతెన దాటేశాను సుచిత్రా. రామేశ్వరం వెళ్తున్నాను. వచ్చే శుక్రవారం వస్తాను."

అవతల గరిట గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించింది. సుచిత్ర నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతుతో, "స్వెట్టర్ పెట్టుకున్నారా అండీ?" అంది.

"లేదు. బాపట్లలో కొనుక్కుంటాలే."

టీ తాగారు. ఇక్కడి టీ బాగుందని వాసు ఇంకొకటి తెప్పించుకున్నాడు. ఎండ పడమటికి వాలుతోంది. శ్యామ్ గ్లాసు కడిగి బల్ల మీద పెట్టి లేచాడు.

"చీకటి పడేలోపల చీరాల చేరాలి, లేవండి. వాసూ, క్లిప్పు పెట్టుకో. హనోకూ, లారీలొస్తే తొందరపడకు. నేను చెప్పేదాకా ఆగు. నా వెనకే రా."

హనోకు కిక్కు కొట్టాడు. వాసు గడ్డం కింద క్లిప్పు పెట్టుకున్నాడు. రెండు బళ్ళూ రేపల్లె రోడ్డెక్కాయి, శ్యామ్ ముందు.